సముద్రం లేని ఊరి సునామీ ఎల్లేశం

ప్రతి ఊరికీ ఒక పండితుడు ఉండాలన్నది లోకధర్మం. ఆ పండితుడికి తెలిసిన విషయం ఆ ఊరికి పనికొచ్చి తీరాలన్న నియమం మాత్రం ఏ శాస్త్రంలోనూ లేదు. గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికులుండే ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ వాళ్లకు ఈ రెండో సంగతి అనుభవపూర్వకంగా తెలుసు. వాళ్ల మధ్య సునామీల మీద సర్వాధికారి ఒకాయన కాపురముంటున్నాడు. ఆ కాలనీ నుంచి సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాలి. సముద్రం లేచి కాలనీ దాకా రావాలంటే అంతకంటే ఎక్కువ కష్టపడాలి. అయినా టీ హోటల్లో ఎల్లేశం గొంతు సవరించుకుని "నీళ్లు ఎనుకకు పోయినయంటే..." అని మొదలుపెడితే, పక్క బల్ల మీద పేకాట కూడా ఒక ఆట ఆగుతుంది. భయంతో కాదు. మాట తెగేదాకా పేక పంచినా ముక్కలు చూసుకోనివ్వడని.

మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఆ గొంతు ఉద్యోగం ఇచ్చింది. పెద్దపల్లి పక్క పల్లెలో జొన్న చేను కావలి కాసిన కుర్రవాడు బొగ్గు కంపెనీలో, రానివాడి బదులు పనిలోకి దిగే బదిలీ వర్కరుగా చేరి, కొన్నాళ్లు భూగర్భంలో తట్ట మోసి, చివరికి పైనుంచి తవ్వుకుపోయే ఓపెన్‌కాస్ట్ గనిలో షాట్‌ఫైరర్ అయ్యాడు. బండకు వేసిన రంధ్రాల్లో మందు కూరించి, చుట్టూ ఉన్న జనాన్ని కేకలేసి దూరం తరిమి, ఆఖరున మీట నొక్కే మనిషిని షాట్‌ఫైరర్ అంటారు. రిటైరయ్యేనాటికి ఎల్లేశం పేల్చిన మట్టీ రాయీ ఎంతో ఎవరూ కుప్ప పోసి చూడలేదు గాని, పోస్తే దాని పక్కన రామగిరి గుట్ట కాస్త తల దించుకునేది.

ఆ పనికో క్రమం ఉంది. ముందు నాలుగు దారుల్లో నలుగురు ఎర్రజెండాలు పట్టుకుని నిలబడి రాకపోకలు ఆపుతారు. తర్వాత ఈల. ఈల వినపడగానే అక్కడున్న ప్రతివాడూ దగ్గరలో గట్టిగా కనపడిన దాని వెనక్కి చేరి, గొంతుక్కూర్చుని, రెండు చేతులూ నెత్తిన పెట్టుకోవాలి. రాళ్లు ఎగిరొస్తాయి గనక. ఏళ్ల తరబడి ఈ పని చేసినవాడికి ఈల చెవిలోంచి కాకుండా నేరుగా మోకాళ్లలోంచి వినపడుతుంది.

కాలనీలో దాని ప్రభావం ఇంకా సున్నితం. మధ్యాహ్నం సైరన్ మోగగానే చాయ్ తాగేవాడు గ్లాసు చేతిలోకి తీసుకుంటాడు. మంగలి కత్తిని గడ్డం మీంచి ఎత్తి గాలిలో ఆపుతాడు. నేల ఒకసారి కదులుతుంది. అల్మారాలో స్టీలు గిన్నెలు తమలో తాము నాలుగు మాటలు మాట్లాడుకుంటాయి. కత్తి తిరిగి గడ్డం మీదికి దిగుతుంది. కొత్తగా వచ్చిన కోడళ్లు వారం రోజులు బెదురుతారు. ఆ తర్వాత పుట్టింటికి పోతే, నేల కదలక మధ్యాహ్నం నిద్ర పట్టడం లేదని ఫోన్ చేస్తారు. ఎల్లేశం భార్య మల్లక్కకైతే అది క్షేమ సమాచారం. గిన్నెలు మోగాయంటే మొగుడు మీట నొక్కాడు, బతికే ఉన్నాడు, ఎసరు పెట్టవచ్చు.

ఇంత మందుగుండు మధ్య చెక్కుచెదరని ఎల్లేశాన్ని ఒక ఏడు కామెర్లు పడగొట్టాయి. కంపెనీ దవాఖానలో తెలివి లేకుండా పడి ఉంటే, మల్లక్క వరండాలో కూర్చుని దేవుళ్లను తలుచుకుంది. అప్పటికే రాజన్నకు ఒక కోడె, అంజన్నకు ఒక తలనీలాలు, సమ్మక్కకు ఒక నిలువెత్తు బెల్లం మొక్కి ఉంది. పాత మొక్కులు తీరకుండా కొత్త మొక్కంటే దేవుళ్లు మొహం చాటేస్తారేమోనని అనుమానం వచ్చి, ఎన్నడూ కళ్లతో చూడని సముద్రాన్ని పట్టుకుంది. "తల్లీ సముద్రాలమ్మా, ఈయన లేసి కూసుంటే ఇద్దరం చెయ్యి చెయ్యి పట్టుకొని నీ నీళ్లల్ల మూడు మునుగులు మునుగుతం." ఎల్లేశం లేచి కూర్చున్నాడు. కూర్చున్న మర్నాడే ఈ సంగతి విని అభ్యంతరం లేవదీశాడు.

"మొక్కేటప్పుడు నన్ను అడిగినవా?"

"అడిగిన. నువ్వు పలకలే."

అభ్యంతరం అక్కడికక్కడే కొట్టుడుపోయింది. అందుకే 2004 డిసెంబరులో సెలవు పెట్టి, కంపెనీ ఇచ్చే ఎల్టీసీ ఖర్చు మీద మద్రాసు బయల్దేరారు. తోడు మహబూబ్, ఆయన భార్య సర్వరీ బేగం. మహబూబ్ ఎల్లేశం పేల్చిన రాళ్లను డంపర్‌లో ఎత్తుకుపోయే డ్రైవరు. ఒకడు పగలగొట్టడం, ఇంకొకడు మోయడం మీద ఏర్పడిన స్నేహం అది. శనివారం రాత్రి సముద్రానికి దగ్గర్లోనే ఒక సత్రంలో దిగారు. ఒకే పెద్ద గది, నాలుగు మంచాలు. ఆదివారం పున్నమి. పొద్దున్నే లేచి సముద్రస్నానం చెయ్యాలని తీర్మానం.

ఆ ఆదివారం పొద్దు పొడిచే వేళ నేల కదిలింది.

సత్రం సత్రమంతా వీధిలోకి పరిగెత్తింది. సగం గడ్డం గీసుకున్నవాళ్లు, పసిపిల్లలకు బదులు దిండ్లు ఎత్తుకున్నవాళ్లు, దేవుడి పటం చంకన పెట్టుకున్నవాళ్లు అందరూ రోడ్డు మీద చేరారు. గోదావరిఖని వాళ్ల గది తలుపు మాత్రం తెరుచుకోలేదు. నేల కదిలితే ఆ ఊరివాళ్లు ఈ పక్క నుంచి ఆ పక్కకు ఒత్తిగిలుతారు. మల్లక్క ఒక్కతే లేచి కూర్చుంది.

"ఇగో, నేల కదిలింది."

"బ్లాస్టింగ్," అన్నాడు ఎల్లేశం, కళ్లు తెరవకుండా.

"మద్రాసుల బొగ్గుబాయి ఏడిదయ్యా?"

"ఉంటది తియ్యి. పెద్ద పట్నం. ఏది లేదు ఈడ? పండుకో." ఒక క్షణం ఆగి, వృత్తిధర్మంగా ఇంకో మాట కూడా కలిపాడు. "మందు జర ఎక్కువ కూరిండ్రు."

అవతలి మంచం మీంచి మహబూబ్ గొంతు వినపడింది. "గింత పొద్దుగాల్ల ఎవడు పేలుస్తడన్నా?"

"ఆళ్ల షిఫ్టు ఆళ్లది. నీకెందుకు?"

వీళ్లు లేచేసరికి సత్రంలో మిగతా అందరూ, ఎలాగూ మెలకువ వచ్చింది గదా అని, బాత్రూముల ముందు బారులు తీరి ఉన్నారు. ఆఖరున లేచినవాళ్లకు ఆఖరి చోటు. సముద్రస్నానానికి పోయేవాళ్లకు ముందు స్నానం ఎందుకని మహబూబ్ అడిగాడు. స్నానం ఒక్కటే పని కాదని సర్వరీ బేగం గుర్తుచేసింది. ఆ విధంగా వాళ్లు సముద్రం దగ్గరికి పోవడం బాగా ఆలస్యమైంది. పోయేసరికి సముద్రమే వాళ్లకు ఎదురొచ్చి, తిరిగి వెళ్లిపోయింది.

ఒడ్డున ఉండవలసింది ఏదీ ఒడ్డున లేదు. పడవలు రోడ్డు మీద అడ్డంగా పడి ఉన్నాయి. ఒక కారు ఇంకో కారు మీదికి ఎక్కి ఆగిపోయింది. ఐస్‌క్రీమ్ బండి తలకిందులుగా ఉంది. మోరీలో చేపలు ఇంకా కొట్టుకుంటున్నాయి. ఎక్కడ చూసినా చెప్పులు, జతలు మాత్రం లేవు. ఒడ్డు వెంట ఉన్న జాలరుల గుడిసెలు నిన్నటి దాకా ఉన్నాయని చెప్పడానికి పొయ్యిరాళ్లు మిగిలాయి. ఒక ఆవిడ ఒకే పేరు పిలుస్తూ అటూ ఇటూ తిరుగుతోంది. ఆమెది అరవం. మల్లక్కకు అర్థం కావడానికి భాష అవసరం రాలేదు. తడిసి వణుకుతున్న ఆమె భుజాల మీద, తాను మునిగాక కట్టుకుందామని తెచ్చుకున్న కొత్త చీర మడత విప్పి కప్పింది. నీళ్లు ముట్టుకోకుండానే నలుగురూ ఇంటికి తిరిగొచ్చారు.

వచ్చాక ఎల్లేశం హోటల్లో ఈ కథ చెప్పే పద్ధతి వేరు. "అనుభవం అన్నా! నేల కదిలినా బుగులు పడకుంట పండుకున్నం గనక బతికినం." మల్లక్క చెప్పే పద్ధతి వేరు. "అనుభవం కాదు, బొంద కాదు. బాత్రూం కాడి లైను మమ్ముల బతికిచ్చింది."

లోపల మాత్రం ఎల్లేశానికి ఒక ముల్లు దిగింది. ఆ పొద్దున నేల ఆయన వృత్తి భాషలోనే ఒక మాట చెప్పింది. ఆయన దాన్ని పండుకొమ్మన్నాడు. సుమత్రా దగ్గర సముద్రం అడుగు విరిగిందనీ, ఆ కుదుపే మంచం కింద తగిలిందనీ, వెనకాలే రెండు గంటల పైచిలుకు ప్రయాణం చేసి నీళ్లొచ్చాయనీ పేపర్లో చదివిన నాటి నుంచి ఆయన శాస్త్రాధ్యయనంలో పడ్డాడు. దొరికిన ప్రతి పేపరు కత్తిరింపూ చదివాడు. టీవీలో చేపల గురించి వచ్చినా, సముద్రం కనపడుతుంది గదా అని చూశాడు. చదివింది చెప్పకపోతే అరగదు గనక హోటల్లో చెప్పాడు. ప్రశ్నలు అడిగే బాధ్యతను మహబూబ్ స్వచ్ఛందంగా స్వీకరించాడు. నిజానికి చాయ్ డబ్బులు ఎల్లేశం ఇచ్చేవాడు.

"గాలి లేకపాయె, వాన లేకపాయె. మరి అల ఎట్ల లేసిందన్నా?"

"నువ్వు అండర్‌గ్రౌండ్ల చేసినవా, లేదా?"

"చేసిన."

"బొగ్గు తీసినంక ఖాళీ జాగల పైకప్పు ఒక్కపారి కూలితె ఏమైతది?"

"గాలి తంతది. టోపీ ఏడ పడ్డదో ఎతుక్కోవాలె."

"ఆ గాలి ఎవలు ఊదిండ్రు?"

"ఎవలూ ఊదలే. బండ పడె, గాలికి జాగ లేకపాయె, ఉరికొచ్చె."

"గంతే! గాలికి బదులు నీళ్లు అనుకో. పైనుంచి పడుడుకు బదులు కిందికెళ్లి లేసుడు అనుకో. అయిపాయె సునామీ."

మిగతాది కూడా ఆయన ఇదే ఫక్కీలో చెప్పేవాడు. భూమి పైపెంకు ఒక్కటే ముక్క కాదు, పెద్ద పెద్ద పలకలు. సముద్రం అడుగున ఒక పలక ఇంకో దాని కిందికి మెల్లమెల్లగా జొరబడుతుంది. అంచుల దగ్గర పట్టుకుపోతుంది. పట్టుకుపోయిన పలక వందల ఏళ్లు వంగి వంగి, ఒకరోజు తట్టుకోలేక చటుక్కున పైకి తన్నుకుంటుంది. దానితో పాటు మీదున్న నీళ్లన్నీ లేస్తాయి. నడిసముద్రంలో పడవవాడికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. మూరెడు ఎత్తుతో, విమానం వేగంతో పడవ కిందినుంచే పోతుంది. ఒడ్డు దగ్గర లోతు తగ్గగానే ముందున్న నీళ్లు నెమ్మదిస్తాయి, వెనకవి ఆగవు. "షిఫ్టు వదిలినప్పుడు గేటు కాడ ఏమైతది? ముందటోడు జేబుల కార్డు ఎతుకుతడు, ఎనుకటోడు తోస్తడు. నీళ్లు గట్లనే కుప్పవడి గోడ లెక్క లేస్తయి. ఇంకోటి ఇనుర్రి. ఒక్క అల కాదు. మొదటిది పోయిందని ఇంట్ల సామాన్లు చూసుకుందామని పోయినోళ్లే రెండో దానికి దొరికిండ్రు." అక్కడికి వచ్చేసరికి ఆ పొడుగు గొంతు కాస్త పొట్టిగా అయ్యేది.

సునామీ ఎల్లేశం అన్న బిరుదు ఆ రోజుల్లోనే స్థిరపడింది. దేశమంతటికీ సునామీ హెచ్చరికలు పంపే కేంద్రాన్ని హైదరాబాద్‌లో పెట్టారని తెలిసిన రోజున ఆయన హోటల్లో అందరికీ చాయ్ తాగించాడు. "చూసిండ్రా? సముద్రం లేనోడే సముద్రం ఫికర్ సక్కగ చేస్తడు. అది ఉన్నోడికి చేపల ఫికరే సరిపోతది."

ఈ విజ్ఞానమంతా పెరిగిన కొద్దీ మల్లక్క మొక్కు వెనక్కి పోయింది. అడిగిన ప్రతిసారీ ఎల్లేశం దగ్గర ఒక కారణం సిద్ధం. పున్నమి దగ్గరికొచ్చింది. తుఫాన్ల కాలం. అండమాన్ల పక్క అలికిడిగా ఉంది. ఫోన్లు తెలివి మీరాక లోకంలో ఎక్కడ భూమి కదిలినా టింగుమనే ఏర్పాటు ఒకటి అందులో పెట్టించుకున్నాడు. దూరాన టోంగా దీవుల్లో నేల కదిలినందుకు మొక్కు వాయిదా పడిన ఆడమనిషి తెలంగాణ మొత్తంలో బహుశా మల్లక్క ఒక్కతే.

ఇలా ఇరవై ఏళ్లు గడిచాక మల్లక్క మోకాళ్లు విషయాన్ని చేతిలోకి తీసుకున్నాయి. మంచిర్యాల డాక్టరు ఫోటోలు తీసి, అరిగిపోయాయి, ఇంకొన్నాళ్లకు గడప దాటడమూ కష్టమే అన్నాడు. ఆమె ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని ప్రకటించింది.

"నేను సముద్రం కాడికి పోతున్న. సర్వరీ టికెట్లు తీపిస్తున్నది."

"మోకాళ్లు అరిగినయని గిప్పుడే చెప్పినవు గదనే?"

"అందుకే. నా కాళ్ల మీద నడిచిపోయి మునుగుత. ఎత్తుకపోయి ముంచితే అది మునుగుడు కాదు, నిమజ్జనం."

"అయితె పోయి మునిగి రా. నేనెందుకు?"

మల్లక్క తొందరపడలేదు. ఆకులో సున్నం రాసుకుంటూ నింపాదిగా చెప్పింది. "ఇద్దరం మునుగుతమని మొక్కిన. నేనొక్కదాన్నే మునిగితె సగం మొక్కు తీరుతది. అప్పుడు నువ్వు లేసి కూసున్నది సగమే నిలుస్తదేమో. ఏ సగమో నాకైతె ఎరుక లేదు. పై సగమో, కింది సగమో."

ఎల్లేశం ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడు. పొద్దున లేచి తన షరతు చెప్పాడు. తను వస్తాడు, కాని రక్షణ బాధ్యత పూర్తిగా తనది. నీళ్లలో దిగే సంగతి అక్కడి పరిస్థితి చూశాక నిర్ణయిస్తాడు. సంచిలో ఒక ఎర్రజెండా, ఒక ఈల పెట్టుకున్నాడు. రిటైరయినప్పుడు శాలువాతో పాటు ఇంటికొచ్చిన వస్తువులవి. శాలువా ఎవరో అడిగి తీసుకుపోయారు. వీటిని ఎవరూ అడగలేదు.

రామగుండంలో మద్రాసు రైలెక్కి నలుగురూ చీరాలలో దిగారు. ఆటో ఒక పల్లెపాలెం చివర సరుగుడు తోట దగ్గర వదిలింది. తోట దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం. మల్లక్క కర్ర పోటేసుకుంటూ ముందు నడిచింది. ఎల్లేశం ఇరవై ఏళ్లుగా ఎవరి గురించి ఉపన్యసిస్తున్నాడో ఆ సముద్రాలమ్మను చూడగానే, పెద్ద ఆఫీసరు ఎదురైన బదిలీ వర్కరులా నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు.

"అన్నా, ఏం అంటలేదు అది. దగ్గరికి రా," అన్నాడు మహబూబ్.

"ముందు ఇన్‌స్పెక్షన్."

ఇన్‌స్పెక్షన్ అంటే ఒక పుల్ల తెచ్చి నీళ్ల అంచున పాతడం. సముద్రం వెనక్కి పోతోందా లేదా దానివల్ల తెలుస్తుంది. ఆ తర్వాత ఒడ్డుకు లాగిపెట్టిన ఒక పడవ పక్కన జెండా పట్టుకుని నిలబడ్డాడు. సర్వరీ బేగం దుప్పటి పరిచి టిఫిన్ డబ్బాలు విప్పింది. మల్లక్క కర్ర ఇసుకలో గుచ్చి, కుచ్చిళ్లు ఎగ్గట్టి, మోకాళ్ల లోతున నీళ్లలో నిలబడి మొగుడి కోసం చూస్తోంది. ఈయన పుల్ల కోసం చూస్తున్నాడు. రొట్టెలు అయిపోయాయి. పచ్చడి అయిపోయింది. మల్లక్కకు నీళ్లలోకే అందించారు.

అంతలో ఎల్లేశం మొహంలో రంగు మారింది. పుల్ల పొడి ఇసుకలో ఉంది. నీళ్లు దానికి చాలా దూరం పోయాయి, వాటి వెంటే మల్లక్క కూడా.

ఇక్కడ ఆయన పాండిత్యం గురించి ఒక మాట చెప్పక తప్పదు. సునామీల మీద అంత చదివిన ఎల్లేశం, సముద్రం ఏ రోజుకారోజు తన మానాన తాను వెనక్కి పోయి ముందుకొస్తుందన్న సంగతి ఎన్నడూ చదవలేదు. ఆయన గ్రంథంలో నీళ్లు వెనక్కి పోవడానికి అర్థం ఒక్కటే. ఈల నోట్లో పెట్టుకుని గుండెలోని ఊపిరంతా ఊదాడు.

ఇరవై ఏళ్లుగా ఈ క్షణాన ఏం చేయాలో ఆయన ఊరందరికీ నేర్పాడు. సామాన్లు వదలాలి. వెనక్కి చూడకూడదు. ఎత్తయిన చోటికి ఉరకాలి. ఈల ఆగగానే ఎల్లేశం పడవ వెనక్కి చేరి, గొంతుక్కూర్చుని, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఆ పక్కనే మహబూబ్ కూడా అదే భంగిమలో కూర్చున్నాడు. ఎగిరొచ్చే రాళ్ల కోసం ఇద్దరూ భక్తిశ్రద్ధలతో ఎదురుచూశారు.

"క్యా హువా జీ?" అంది సర్వరీ బేగం, చేతిలో ఖాళీ డబ్బాతో. "ఏమైందన్నా? ఎందుకు కూసున్నరు?"

"సునామీ!" అన్నాడు ఎల్లేశం పడవ వెనకనుంచి. "మల్లక్కా, బయటికి రా!"

మల్లక్క నీళ్లలోంచి కదల్లేదు. "వస్తె రానీ. అది నీ కంటె ముందుగాల వచ్చెటట్టున్నది."

ఈల విని, చేపలు ఎండబెట్టుకుంటున్న ఒక నడివయసు ఆడమనిషి గబగబా వచ్చింది. పేరు పోలమ్మ. పడవ ఆమె కొడుకుదే. ఇద్దరు పెద్దమనుషులు దాని వెనక నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చోవడం చూసి ఆమె మొదట అనుకున్నది వేరు.

"ఏందయ్యా? కడుపులో నొప్పా?"

"నీళ్లు ఎనుకకు పోయినయమ్మా! మీ ఊరోళ్లకు చెప్పు!"

పోలమ్మ సముద్రం వంక చూసింది. పుల్ల వంక చూసింది. జెండా వంక చూసింది. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "పోవా మరి? పొద్దున పోటు, ఇప్పుడు పాటు. రోజుకి రెండు మాట్లు వొస్తాది, రెండు మాట్లు పోతాది. మా తాతల కాణ్ణించీ ఇదే దాని పని. యా ఊరయ్యా మీది?"

మహబూబ్ లేచి బట్టలు దులుపుకుని ఊరు చెప్పాడు, బొగ్గు చెప్పాడు, పక్కనున్న మనిషి బిరుదు కూడా చెప్పాడు. బిరుదు వినేసరికి పోలమ్మ నవ్వు ఆగింది. ఇసుకలో కూలబడి, ఎల్లేశాన్ని కూడా సరిగ్గా కూర్చోమంది.

"ఆ రోజు పోయింది ఇట్టా కాదు తాతా. ఎవరో దుప్పటి పట్టి లాగినట్టు పోయింది. మేం ఎప్పుడూ చూడని రాళ్లు బయటపడ్డాయి. చేపలు ఇసుక మీద ఎగురుతుంటే జనం ఏరుకోడానికి పోయారు. మా మరిదీ పోయాడు." ఆమె కాసేపు ఇసుకను వేలితో గీసింది. "దానికో పేరుందని కూడా మాకు తెలవదు. పేరు తర్వాత టీవీవోళ్లు చెప్పారు. పడవలు ఆ సరుగుడు తోటలో చెట్లకి ఏలాడినాయి. ఆ తోటే లేకపోతే ఊరూ ఉండేది కాదు. వలలు ముళ్లకంపలో చుట్టుకుంటే కోసి పారేశాం. బాయిలో నీళ్లు నోట పెట్టలేం. అవతల వేరుశెనగ చేలు తెల్లగా ఉప్పు తేలి, ఎన్నేళ్లకి మొలక చూశాయో! ఇయన్నీ ఒకెత్తు. ఆ చేపలు శవాల్ని తిన్నాయని ఎవడో పుకారు లేపాడు. నెలల తరబడి మా బుట్ట ముట్టుకున్నోడు లేడు. సముద్రం ఒక్క పూటే కొట్టింది తాతా. జనం నోరు ఆ తర్వాత శానా దినాలు కొట్టింది."

ఎల్లేశం నెత్తి మీది చేతులు ఎప్పుడో దిగాయి. పేపరు కత్తిరింపుల్లో బుట్ట సంగతి లేదు.

"మరి గింత జరిగినా ఈడనే ఎందుకున్నరమ్మా?"

"మీ బొగ్గుబాయిలో కప్పు కూలదా?"

"కూలుతది."

"దిగడం మానేశారా?"

ఎల్లేశం ఇసుకలో పడి ఉన్న జెండా తీసి దులపడం మొదలుపెట్టాడు. మహబూబ్ సర్వరీ బేగం వైపు తిరిగి, పండితుడు ఓడిన ఈ ఘట్టానికి సాక్షివి నువ్వేనన్నట్టు చూశాడు.

"బయం లేక కాదు," అంది పోలమ్మ. "బయం ఉంది గనకే దారి చూసి పెట్టుకున్నాం. అదిగో, తోట పక్కన రోడ్డు. నేరుగా తుఫాను షెల్టరు మేడ మీదికి పోతాది. నేల కదిలినా, నీళ్లు తేడాగా పోయినా అటే. మా ఊళ్లో నడక వొచ్చిన ప్రతి పిల్లకీ తెలుసు. ఫోన్లకి కబురు కూడా వొస్తాదంట ఇప్పుడు, ఎక్కణ్ణించో."

"హైదరాబాద్!" ఎల్లేశం ఛాతీ ఒక్క క్షణం పూర్వపు కొలతకు వచ్చింది. "మా హైదరాబాద్ నుంచి!"

"యాణ్ణించైతే ఏంది, ఉరకాల్సింది మేమేగా. ఉరకాలా తాతా. పడవ చాటున కూకుంటే కాదు."

నీళ్లలోంచి మల్లక్క కేక వేసింది. "ఓ అయ్యా! ఉప్పుల నా మోకాళ్లు ఊరగాయ అయితున్నయి. వస్తవా, నేనే వచ్చి మెడ వట్టి గుంజుకపోవాల్నా?"

ఎల్లేశం లేచాడు. ఈల జేబులో వేసుకున్నాడు. పోలమ్మను చివరిగా ఒక సాంకేతిక ప్రశ్న అడిగాడు. "ఇప్పుడు పోటా, పాటా?"

"పాటే. అది తిరిగొచ్చేలోపు మీరిద్దరూ ఇంకో పెళ్లి చేసుకోవొచ్చు. పో."

జెండా మహబూబ్ చేతిలో పెట్టాడు. "రోడ్డు దిక్కు మొకం పెట్టి నిలవడు."

"సునామీ సముద్రం దిక్కు నుంచి గదన్నా వచ్చేది?"

"దాన్ని నువ్వు ఆపలేవు. జనాన్ని ఆపుతవు. నిలవడు."

పంచె ఎగ్గట్టి నడిచాడు. తడి ఇసుక మొదలైన చోట ఒకసారి ఆగాడు. మొదటి అల వచ్చి పాదాలు తడిపి, వేళ్ల కింది ఇసుకను లాక్కుపోయింది. ఎల్లేశం "అమ్మో" అన్నాడు. గొంతు పొడుగు కాబట్టి ఒడ్డు మీద అందరికీ వినపడింది. రెండో అల మోకాళ్ల దాకా వచ్చింది. అప్పటికి మల్లక్క చెయ్యి చాచింది. పట్టుకున్నాడు. పట్టుకోవడం అంటే మణికట్టు మీద గుర్తు పడేలా.

"ఇది గాలి అల," అని చెప్పాడు భార్యకు. "గది వేరు, ఇది వేరు. గది అడుగు నుంచి వస్తది..."

"ముక్కు మూసుకో," అంది మల్లక్క.

మునిగారు. లేచారు. ఎల్లేశం కళ్లల్లో ఉప్పు, నోట్లో ఉప్పు, చెవిలో ఇసుక. రెండోసారి మునిగారు. మూడోసారికి వాళ్లు మునగనక్కరలేకుండా ఒక అలే వచ్చి ఇద్దరినీ కలిపి బోర్లా తోసింది. మల్లక్క నవ్వుతూ లేచింది. ఆమె అంత గట్టిగా నవ్వగలదని ఎల్లేశానికి ఇన్నేళ్లలో తెలియదు. అది చూసి సర్వరీ బేగం చెప్పులు అక్కడే వదిలేసి చీర అంచు ఎత్తి పట్టుకుని తానూ నీళ్లలోకి నడిచింది. రోడ్డు దిక్కు మొహం పెట్టి నిలబడవలసిన మహబూబ్ మాత్రం విధి మరిచి ఇటే చూస్తూ నిలబడ్డాడు.

ఎండ వాలింది. మల్లక్క ఒడ్డున కూర్చుని చీర అంచు పిండుకుంది. పోలమ్మ తెచ్చిన ఎండు చేపలు కొని మూట కట్టింది. ఆటో వచ్చి తోట దగ్గర హారన్ కొట్టింది. ఎల్లేశం ఇంకా నడుం లోతు నీళ్లలోనే ఉన్నాడు.

"అన్నా, రైలు పోతది!" అన్నాడు మహబూబ్.

"మొక్కు అయిపాయె గదయ్యా," అంది మల్లక్క. "ఇగ బయటికి రా. జల్ది!"

"అది నీ మొక్కు," అన్నాడు ఎల్లేశం, ఇటు తిరగకుండానే. "ఇంకొక్కటి రానీ."

ఒక అల వచ్చింది. పొట్టి మనిషిని నెత్తి దాకా కప్పేసి, దయతలచి వదిలిపెట్టింది. ఆయన ఉక్కిరిబిక్కిరై, ఉప్పు నీళ్లు ఉమ్మేసి, మొహం తుడుచుకుని, మళ్లీ సముద్రం వైపే సర్దుకుని నిలబడ్డాడు.

"ఇంకొక్కటి."